గబ్బిలాన్నీ సొరచేపనీ పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గబ్బిలానికీ సొరచేపకీ పోలికలు రాయమంటే చాలామంది మధ్యలో గీత గీసి, ఒకటి ఎగురుతుంది, ఇంకోటి ఈదుతుంది, ఇది క్షీరదం, అది చేప అని రెండు వైపులా నింపేస్తారు. తప్పేం లేదు గానీ, అందులో కొత్తగా తెలిసేది సున్నా.

ముందు జాతి తేల్చుకోండి. గబ్బిలాల్లో 1,400కు పైగా జాతులున్నాయి, సొరల్లో 500 దాటాయి, ఊరికే గబ్బిలం అంటే ఏ గబ్బిలం? తర్వాత రెండింటినీ అడగదగ్గ ప్రశ్న ఒకటి పట్టుకోండి. నేనైతే నెత్తురు తాగే వాంపైర్ గబ్బిలాన్నీ, కుకీకట్టర్ సొరనీ తీసుకుంటాను. ప్రశ్న: తనకంటే ఎన్నో రెట్లు పెద్ద జంతువును చంపకుండా దాని ఒంట్లోంచి తిండి ఎలా లాగాలి?

ఇప్పుడు దగ్గరకెళ్లి చూడండి. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా కనిపించే ఈ గబ్బిలం, పడుకున్న పశువు పక్కన నేలమీద వాలి నడుచుకుంటూ వెళ్తుంది, నెత్తురు చర్మానికి దగ్గరగా పారే చోటును ముక్కుతోనే వేడిని బట్టి పసిగట్టి, చిన్న గాటు పెట్టి నాకుతుంది. పీల్చదు! లాలాజలం నెత్తుర్ని గడ్డకట్టనివ్వదు. అరమీటరు పొడవుండే సొరేమో ట్యూనాకో తిమింగలానికో పెదాలతో అతుక్కుని, ఒళ్లు మెలితిప్పి, గుండ్రంగా కండ ముక్క కోసుకుపోతుంది. 1970ల్లో అమెరికా జలాంతర్గాముల రబ్బరు భాగాలనూ ఇలాగే కొరికింది.

పళ్ల దగ్గర కాసేపు ఆగండి, అసలు మజా అక్కడే. గబ్బిలం పైవరస ముందుపళ్లకు ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పూత, ఉండదు, అందుకే అవి అరిగేకొద్దీ బ్లేడులా పదునుగానే ఉంటాయి. సొరకి కింది పళ్ల వరస మొత్తం ఒకేసారి ఊడి కొత్తది వస్తుంది, ఊడినదాన్ని అదే మింగేస్తుంది. ఇద్దరికీ కావాల్సింది పదునే, దారులు వేరు.

అంకెలు రాసేటప్పుడు గ్రాములకు గ్రాములు పోల్చకండి, నిష్పత్తి చూడండి. 30, 40 గ్రాముల గబ్బిలం ఒక్క రాత్రిలో తన బరువులో సగం దాకా తాగగలదు. రెండు మూడు రాత్రులు ఏమీ దొరక్కపోతే చచ్చిపోతుంది, అందుకే కడుపు నిండినవి ఆకలితో ఉన్న తోటివాటికి నెత్తురు కక్కి పెడతాయి. సొర వైపు దీనికి జోడీ దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఏదో ఒకటి నింపాలని చూడొద్దు. అలాగే సొర పొట్ట చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వరసలో గబ్బిలం గడి ఖాళీ.