చిన్న వీపింగ్ విల్లో గొడుగు ఆకారం చెడకుండా ఉండాలంటే

తోటల్లో పెంచే చిన్న వీపింగ్ విల్లోలు, ముఖ్యంగా కిల్‌మార్నాక్ రకం, సాధారణంగా నిటారు కాండం మీద వేలాడే కొమ్మను అంటుకట్టి తయారుచేసినవి. కాబట్టి అన్నిటికంటే ముందుగా గమనించవలసినది ఆ అంటు కలిసిన చోటు. దానికి దిగువన, కాండం మీద గానీ మొదట్లో గానీ పుట్టే పిలకలు నిటారుగా, బలంగా ఎదిగి, పైకొమ్మలకు అందవలసిన సత్తువను లాగేసుకుంటాయి గనుక, లేతగా ఉన్నప్పుడే వాటిని చేతితో తుంచివేయాలి. ముదరనిస్తే చెట్టు రూపమే మారిపోతుంది.

ఏటా కొత్త కొమ్మలు పాతవాటి మీదుగా వాలడం వల్ల గొడుగు లోపలికి వెలుతురు అందక పుల్లలు ఎండిపోతాయి. వసంతంలో నూగు పూగుత్తులు రాలిన వెంటనే ఎండినవాటిని మొదలంటా తీసివేసి, నేలను తాకే కొమ్మలను బయటి వైపు తిరిగిన మొగ్గకు కాస్త పైన కత్తిరించాలి. ఇక్కడ సంకోచం అవసరం లేదు, విల్లో త్వరగానే చిగురిస్తుంది.

నీటి ఎద్దడిని ఈ చెట్టు తట్టుకోలేదు. నాటిన మొదటి రెండేళ్లూ మట్టి పూర్తిగా ఆరిపోకముందే వేళ్ల లోతుకు దిగేలా నీరు పెట్టి, మొదలు చుట్టూ 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఆకుల ఎరువు పరచాలి, అయితే అది కాండాన్ని తాకకూడదు. ఊతకర్రకు కట్టిన తాడును కాండం లావెక్కే కొద్దీ వదులు చేయాలి.

కొనేటప్పుడే రకం అడిగి తెలుసుకోవడం చాలా ముఖ్యం. బాబిలోనికా రకం మొక్కగా ఇంతే ముచ్చటగా కనిపించినా 10 మీటర్లు దాటి పెరుగుతుంది. దాని వేళ్లు తేమను వెతుక్కుంటూ పగిలిన నీటి గొట్టాల్లోకి చొరబడతాయి కనుక దానిని ఇంటికి దూరంగానే నాటాలి.