మూడు దాటాక పడమర వైపు ఓ కన్నేయండి

ఏప్రిల్, మే నెలల్లో మన గుంటూరు, విజయవాడ వైపు ఎండకు అందరం జాగ్రత్తపడతాం, కానీ ఆ ఎండే సాయంత్రానికి తయారుచేసే మబ్బును పెద్దగా పట్టించుకోం. పిడుగులు పడేదీ, చెట్లు కూలేదీ, హోర్డింగులు ఊడిపడేదీ దానివల్లే.

ప్రతి మబ్బుకూ టెన్షన్ పడక్కర్లేదు. ఆరు కిలోమీటర్ల పైన సన్నటి తెల్ల చారలుగా కనిపించే సిర్రస్‌లో ఉండేవి మంచు రేణువులే, దానివల్ల మనకు వాన రాదు. ఆకాశమంతా బూడిదరంగుగా కప్పేసే స్ట్రాటస్ మహా అయితే తుంపర కురిపిస్తుంది. చూసుకోవాల్సింది క్యుములోనింబస్, టీవీలో తరచూ వినే పేరే. చిన్న తెల్ల మబ్బుగా మొదలవుతుంది, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలిని కాలిన నేల పైకి తోస్తుంటే చూస్తుండగానే క్యాలీఫ్లవర్‌లా ఉబ్బిపోతుంది. అడుగు ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులోనే ఉన్నా తల 15 కిలోమీటర్లు దాటగలదు, అక్కడ ట్రోపోపాజ్ (వాతావరణం కింది పొర ముగిసే హద్దు) దగ్గర ఇక పైకి పోలేక పక్కలకు చదునుగా పరుచుకుంటుంది. అలా తల పరుచుకున్న మబ్బు పడమరనో వాయవ్యానో కనిపించిందంటే బయట పనులు అప్పుడే ముగించుకోండి.

టోర్నడో కూడా ఈ మబ్బు అడుగు నుంచే దిగుతుంది, కాకపోతే కింది గాలికీ పై గాలికీ దిక్కు, వేగం బాగా తేడా ఉండి మబ్బే గిరగిరా తిరగాలి. మన దగ్గర అది చాలా అరుదు. 2024 మార్చి 31న బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లాలో వచ్చి ఇళ్లు కూల్చింది, ప్రాణాలూ తీసింది. ఎర్రటి ఎండలో పొలాల్లో దుమ్ము లేపే సుడిగాలి వేరు, దానికి మబ్బుతో పనిలేదు, వేడి నేల మీదే పుడుతుంది. మనల్ని కొట్టేది ఎక్కువగా ఈదురుగాలి: మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందపడి, నేలకు తగిలి చుట్టూ పరుగెడుతుంది. ఉక్కపోత పోయి చల్లగాలి తగలగానే హమ్మయ్య అనుకుంటూ డాబా ఎక్కుతాం చూడండి, సరిగ్గా అప్పుడే లోపల ఉండాలి.

నాకు అన్నిటికన్నా భయం మిర్చి కల్లాల దగ్గర. గాలి మొదలయ్యాక నలుగురూ పట్టా అంచులు పట్టుకుని ఖాళీ చేలో పరుగెడతారు, ఆ చుట్టుపక్కల ఈ నలుగురికన్నా ఎత్తైనది ఇంకేమీ ఉండదు, పిడుగు వాళ్ల మీదే పడొచ్చు. దయచేసి మబ్బు దూరంగా ఉన్నప్పుడే కాయ కుప్ప చేయించి, పట్టా కప్పి, అంచుల మీద బరువులు పెట్టించి కూలీలను పంపించేయండి. ఉరుము వినబడ్డాక కాయ తడిస్తే తడవనివ్వండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 లోపే ఉరిమితే పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. వేపచెట్టు కింద నిలబడొద్దు, గొడ్లనూ కట్టేయొద్దు. కృష్ణ ఘాట్లలో స్నానం చేస్తుంటే వెంటనే గట్టెక్కండి.

ఊళ్లో అయితే డాబా మీది పూలకుండీలు, విడి రేకులు ముందే దించేయండి. బండి మీద వారధి ఎక్కబోతుంటే ఆగిపోండి, హోర్డింగు కింద మాత్రం వద్దు. కారులో ఉంటే అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చోవచ్చు. తెగిన కరెంటు తీగ దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి. ఫోన్లో దామిని యాప్ ఉంచుకోండి, చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు. ఒంట్లో కరెంటేమీ మిగలదు. ఊపిరి ఆడకపోతే వెంటనే గుండె మీద నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టండి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.