ఇంట్లో ఊరికే ఉంటున్న బంధువును ఖాళీ చేయించాలంటే ఎక్కడ అర్జీ పెట్టాలి?

ముందు చేయకూడనిది చెబుతాను. కోపంలో తాళం మార్చకండి, సామాన్లు వీధిలో పెట్టకండి, కరెంటు తీయించకండి. ఇల్లు మీదే అయినా పోలీస్ స్టేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే అవుతారు.

మీకు 60 ఏళ్లు నిండి, ఇల్లు మీ పేరున ఉండి, కదలనిది కొడుకో కూతురో అయితే దారి ఆర్డీవో ఆఫీసు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) కింద మన రెండు రాష్ట్రాల్లోనూ ట్రిబ్యునల్ నడిపేది ఆయనే. లాయర్ లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. మీరు వెళ్లలేని స్థితిలో ఉంటే, మీరు రాసిచ్చిన మనిషి పెట్టవచ్చు.

నమూనా ఫారం ఆఫీసులోనే అడగండి. అసలు పని రాయడంలో ఉంది. "నా కొడుకు మంచివాడు కాదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ నెలలో మందులు కొనివ్వలేదు, ఏ రోజు చెయ్యి చేసుకున్నాడు, ఎవరు చూశారు అనేవి తేదీలతో రాయండి. ఎందుకంటే అడిగిన వెంటనే ఖాళీ చేయించరు. మీ రక్షణకు అది తప్పనిసరి అని ఆర్డీవోకు అనిపించాలి. దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, వయసు రుజువు, ఉంటే ఆసుపత్రి కాగితాలు జత చేయండి. మీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

ఇల్లు ఇప్పటికే గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చేశారా? చూసుకుంటామన్న షరతు మీద రాసి, ఆ మాట తప్పితే దాన్ని రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అదే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు కాగితంలో లేకపోతే మాత్రం చిక్కే.

కోడలు కూడా ఉంటే విషయం అంత తేలిక కాదు. గృహహింస చట్టం కింద ఆమెకు ఆ ఇంట్లో నివాస హక్కు ఉండవచ్చని, దాన్నీ తూచి చూడాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లోపు కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. ఏ సందేహమున్నా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

ఇక బావమరిది, తమ్ముడు లాంటి వాళ్లయితే సివిల్ కోర్టే. ఇక్కడ లాయర్ కావాలి. ఉండమన్న అనుమతి వెనక్కి తీసుకున్నామని, ఫలానా తేదీకి ఖాళీ చేయమని ముందు నోటీసు పంపి, కదలకపోతే దావా వేయాలి. "ఇరవై ఏళ్లుగా ఉంటున్నా, నాకూ హక్కుంది" అని అవతలివాళ్లు అంటారు. టెన్షన్ పడకండి, మీ దయతో ఎన్నేళ్లు ఊరికే ఉన్నా ఇంటిమీద హక్కు పుట్టదని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది.