డోర్ బీడింగ్ మార్చుతున్నారా? లాగొద్దు

పోయిన ఆదివారం మా బామ్మర్ది కారెక్కగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. తడి గోనెసంచిని మడిచి వారం రోజులు మూలన పడేస్తే వచ్చే కంపు. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది. "అది నెల నుంచీ అట్లే ఉంది బావా, సెన్సర్ ఏదో పోయుంటుంది" అన్నాడు. ఫుట్‌మ్యాట్ తీసి, కార్పెట్ అంచు ఎత్తి, కింది స్పాంజిని వేలితో నొక్కాను. నీళ్లు ఊరాయి. సీటు కిందికి టార్చ్ వేస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము.

డ్రైవర్ వైపు డోర్ బీడింగ్, అంటే డోరు వేస్తే తగిలే రేకు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, జూన్‌లో వాడే ఇంట్లో మార్చుకున్నాడు. సరుకు మంచిదే. కూలి మిగిలిందని సంతోషపడ్డాడు కూడా. ఇప్పుడు కింద గడప దగ్గర చూస్తే బీడింగ్ రెండు కొసల మధ్య నా బొటనవేలు పట్టేంత సందు. వేసిన రోజు ఆ కొసలు అతికినట్టే కలిసి ఉన్నాయని ఒట్టేసి చెప్పాడు. నమ్మాను. వేసిన రోజు ఎవరికైనా అట్లే ఉంటుంది.

మన తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు ఇంకా ముందున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే వాయుగుండాలు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగడం, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడడం మనం చూసిందే. ఎండాకాలమంతా నలభై డిగ్రీల్లో ఎండిన రబ్బరు, ఎడతెరిపి లేని ఆ వానలకు దొరికిపోతుంది. అందుకే ఈ రెండు మూడు వారాల్లో చాలామంది బీడింగ్ మార్చుతారు. పాతది పీకి కొత్తది నొక్కడం వీడియోలు చూస్తే వస్తుంది, దాని జోలికి పోను. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. నా కళ్ల ముందు నీళ్లు కారిన కార్లలో మా బామ్మర్దిది నాలుగోది. నాలుగింటిలోనూ తప్పు అదే.

రబ్బరును లాగి వేయడం.

కావాలని ఎవరూ లాగరు. ఒక చేత్తో బీడింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో రేకు అంచుకు నొక్కుకుంటూ పోతాం. పట్టుకున్న చెయ్యి మనకు తెలియకుండానే కొంచెం లాగుతూ ఉంటుంది, మెలికలు పోవాలని. జానకు అర సెంటీమీటరు సాగినా డోరు చుట్టూ తిరిగేసరికి పది సెంటీమీటర్లు అవుతుంది. చివర్లో ఆ పది సెంటీమీటర్లు మిగిలిపోయి కనిపిస్తుంది. "ఎక్కువ ఇచ్చాడు అంగడాయన" అనుకుని కత్తిరించేస్తాం. కొంప మునిగేది అక్కడే. లాగిన రబ్బరు లాగినట్టు ఉండదు. రెండు మూడు ఎండలు తగిలాక, నాలుగు రోజులు డోరు వేసి తీశాక, తన అసలు పొడవుకు వెనక్కి జరుగుతుంది. కత్తిరించిన ముక్క చెత్తబుట్టలో ఉంటుంది, సందు మీ గడప మీద ఉంటుంది.

ఇంకో నష్టం మూలల దగ్గర. బీడింగ్‌లో డోరు వైపు గుండ్రటి బోలు గొట్టం ఉంటుంది కదా, డోరు వేస్తే అది నలిగి నీటిని ఆపుతుంది. లాగితే ఆ గొట్టం సన్నబడుతుంది. పైగా మూల వంపులో ఒదగకుండా, బిగించిన దండెం తాడులా అడ్డంగా పోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. వేలు పెట్టి చూస్తే వెనక ఖాళీ.

కాబట్టి లాగొద్దు. వీలైతే కొంచెం కుక్కుతూ పోండి. మూలల దగ్గర మరీ.

కొనే ముందు

నీళ్లు డోర్ బీడింగ్ నుంచే వస్తున్నాయో లేదో తేల్చుకోండి. ముందు సీటు ఎడమ వైపు కాళ్ల దగ్గర మాత్రమే తడి ఉంటే, అదీ వాన లేని రోజున ఏసీ వాడాక ఉంటే, అది ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోవడం కావచ్చు. సన్‌రూఫ్ ఉన్న బండిలో దాని డ్రెయిన్ గొట్టాలు మూసుకున్నా కార్పెట్ తడుస్తుంది. డోరు కదిలిస్తే లోపల గలగలమని నీళ్ల చప్పుడు వస్తే బీడింగ్‌ది తప్పు కాదు, డోరు అడుగున ఉండే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోయాయి. అద్దం పక్కనుంచి డోరులోకి కొంత నీరు దిగడం మామూలే, అది ఆ రంధ్రాల్లోంచి పోవాలి. పుల్లతో పొడిస్తే సరిపోతుంది. ఒకాయన "నీళ్లు ఇక్కణ్ణుంచే వస్తున్నాయి" అని ఆ రంధ్రాలకే సీలెంట్ కొట్టాడు. డోరు లోపల తుప్పు పట్టించుకున్నాడు, అంతే.

బీడింగ్‌దే తప్పని తేలితే మీ బండి మోడల్‌కు కంపెనీ ఇచ్చే బీడింగే తెచ్చుకోండి. మీటర్ల లెక్కన కొనాల్సి వస్తే పాతదాని జానెడు ముక్క పట్టుకుపోండి. రేకు మందానికి సరిపడే పట్టు, గొట్టం లావు, గొట్టం ఏ పక్కకు ఉందనేది, ఈ మూడూ చూడండి. కొలత పురికొసతో తీయండి, రేకు అంచు వెంబడే, మూలల్లో ఒదిగేలా. ఒక్కో డోరుకు సుమారుగా మూడు నుంచి నాలుగు మీటర్లు పడుతుంది. ఊడిన పాత బీడింగ్‌ను కొలిచి కొత్తది తెస్తే పొట్టిదే వస్తుంది, ఏళ్ల తరబడి ఎండకు అది కుంచించుకుపోయి ఉంటుంది. పొట్టిది తెస్తే ఏం చేస్తారు? లాగుతారు.

ఊడదీసేటప్పుడు

అతుకు, అంటే రెండు కొసలు కలిసే చోటు, ఎక్కడుందో ముందు గుర్తు పెట్టుకోండి, లేదా ఫోటో తీయండి. చాలా బండ్లలో అది కింద గడప మీద ఉంటుంది. కొత్తదాని అతుకు కూడా అక్కడే రావాలి. పైన వస్తే వాన నీరు నేరుగా దాంట్లోకే దిగుతుంది.

చాలా బీడింగ్‌ల లోపల ఇనుప రేకు అస్థిపంజరం ఉంటుంది. పాతదైతే చీలిన చోట బ్లేడులా కోస్తుంది. గ్లవ్స్ వేసుకోండి.

పైనా, పక్క స్తంభాల మీదా ఉన్న ప్లాస్టిక్ తొడుగు (ట్రిమ్) ఊడదీయొద్దు. కొన్ని బండ్లలో దాని వెనకే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (అద్దాల పక్కన తెరలా దిగేది) ఉంటుంది. పసుపు రంగు వైరు, పసుపు కనెక్టర్ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. బీడింగ్‌కు పెదవిలా ఉండే పలచటి రబ్బరు అంచు ఆ ట్రిమ్ అంచు మీదికి రావాలి, దానికి మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ ముక్క చాలు, పాత ఏటీఎం కార్డు కూడా పనికొస్తుంది. స్క్రూడ్రైవర్ వద్దు.

రేకు అంచు మీద తుప్పుంటే గీకి, ప్రైమర్, పెయింటు వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని ఎవరూ చెయ్యరు. కొత్త బీడింగ్ కింద తుప్పు హాయిగా పెరుగుతుంది.

ఎక్కించేటప్పుడు

కొరియర్‌లో చుట్టగా వచ్చిన బీడింగ్‌ను వెంటనే వెయ్యొద్దు. విప్పి, మిద్దె మీద నీడలో ఒక రాత్రి పరిచి ఉంచండి. మెలికలు వాటంతట అవే పోతాయి. మెలికలు పోతే లాగాలనే బుద్ధి పుట్టదు. చలిగా, బిర్రుగా ఉంటే పది నిమిషాలు ఎండ చూపించండి, కానీ మిట్టమధ్యాహ్నం రేకు కాలుతున్నప్పుడు పని పెట్టుకోవద్దు. వేడెక్కిన రబ్బరు చేతికి ఇంకా సులువుగా సాగుతుంది.

అతుకు దగ్గర మొదలుపెట్టి చుట్టూ ఒకే ఊపులో పోవద్దు. నాలుగు మూలలూ ముందు ఒదిగించండి, తర్వాత మధ్యలో నొక్కండి. కంపెనీ బీడింగ్ మీద కొన్నిటికి చిన్న రంగు చుక్కలుంటాయి, అవి మూలల గుర్తులు, తుడిచెయ్యకండి. నొక్కేది అరచేత్తో, లేదా రబ్బరు సుత్తితో. లాగే చెయ్యి ఖాళీగా ఉండాలంటే బీడింగ్ బరువు ఇంకొకరు మోయాలి. ఇంట్లో ఎవరినైనా పిలవండి, "పట్టుకో, లాగొద్దు" అని చెప్పండి. రెండుసార్లు చెప్పండి.

మీటర్ల లెక్కన కొన్నదైతే ఆ రోజే కత్తిరించొద్దు. మిగిలిన కొసను లోపలికి మడిచి, టేపు వేసి, రెండు రోజులు ఎండలో నిలిపి, డోరు పదిసార్లు వేసి తీసి, అప్పుడు కత్తిరించండి. అదీ ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి. కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండాలి, ఊరికే తాకితే చాలదు.

ఇక మిగతావి వరసగా.

రేకు అంచును పట్టుకునే రకానికి జిగురు అక్కర్లేదు. బీడింగ్ పొడవునా ఫెవిక్విక్ పూయొద్దు, అది గట్టిపడి పెళుసవుతుంది.

అంటించే రకమైతే పాత జిగురు మొత్తం పోవాలి. పెట్రోలు, థిన్నర్ వాడొద్దు, రంగు పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. అంటించాక ఒక రోజు తడి తగలనివ్వొద్దు.

గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయొద్దు, ఈ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. కొబ్బరి నూనె కూడా వద్దు, దుమ్ము పట్టుకుని జిడ్డుకడుతుంది. సిలికాన్ స్ప్రే చాలు, అదీ గుడ్డ మీద కొట్టి తుడవండి.

వేసేటప్పుడు పిల్లల్ని బండిలో కూర్చోబెట్టొద్దు.

డోరు గట్టిగా పడడం కొన్నాళ్లు మామూలే. వెంటనే లాక్ కొక్కేన్ని సర్దొద్దు.

కానీ రెండో క్లిక్ వినపడాలి. డోర్ లాక్‌కు రెండు మెట్లుంటాయి. లావు బీడింగ్ వేస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది, డోరు పడినట్టే ఉంటుంది. అట్లా ఘాట్ రోడ్డెక్కితే ఏ మలుపులో తెరుచుకుంటుందో చెప్పలేం. డ్యాష్‌బోర్డులో డోర్ లైటు ఆరిందో లేదో చూడకుండా అలిపిరి దాటొద్దు.

పాత పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి డోరు వేసి లాగండి. (ఇక్కడ లాగొచ్చు.) పట్టి పట్టి రావాలి. జారి వస్తే అక్కడ సందుంది. జానెడుకోసారి చూడండి, నాలుగు మూలల్లో తప్పకుండా.

నీళ్ల పరీక్ష చెయ్యండి. ప్రెషర్ వాషర్‌తో కాదు, మామూలు పైపుతో. లోపల ఒకరు టార్చ్‌తో కూర్చోవాలి. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా కారి, ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు.

కారితే సీలెంట్ పూసి కప్పిపుచ్చొద్దు. ఊడదీయండి, ఒదిగించి మళ్లీ వేయండి. పొట్టిపడితే కొత్తది కొనండి. పొట్టిదాన్ని లాగి మళ్లీ వేశారా, మళ్లీ ఇదే కథ.

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే సీటు కింద కనెక్టర్లు మీరు విప్పొద్దు. మెకానిక్ దగ్గరికే.

కొత్త బీడింగ్ ఉంది కదా అని నిలిచిన నీళ్లలోకి బండి దింపొద్దు. అది వానను ఆపుతుంది, వరదను కాదు. 2021 అక్టోబరులో తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో బండి చిక్కుకుని కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. నీళ్లుంటే తిరిగి పోండి.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే చెయ్యి పెట్టి చూడండి. ఫుట్‌మ్యాట్ మీద కాదు, కార్పెట్ మీద కూడా కాదు, కింది స్పాంజిలో. మా బామ్మర్ది కార్పెట్ పైన తడిమి చూసి "పొడిగానే ఉంది బావా" అన్నాడు, మూడు నెలల పాటు.