అమెరికాకు కొత్తగా వచ్చినోళ్లకు: డెబిట్ కార్డు ఇంట్లనే పెట్టి పోండి

పోయిన నెల ఒక శనివారం రాత్రి నల్లగొండ జిల్లా హాలియా దిక్కు పిల్లగాడు ఒకడు ఫోన్ చేసిండు. అమెరికా వచ్చి ఆరు వారాలైంది. "అన్నా, ఖాతాల 11 డాలర్లే ఉన్నయ్" అన్నడు. కిరాయికని పక్కకు పెట్టుకున్న 900 డాలర్లు, వాడు ఎన్నడూ పోని ఊర్ల రెండు దుకాణాలల్ల ఖర్చయినయ్. కార్డేమో వాని పర్సులనే ఉంది. "నేను ఎవ్వరికీ ఓటీపీ చెప్పలేదన్నా" అని అదే మాట నాలుగుసార్లు అన్నడు. ముందు కార్డు వెనుకున్న నంబరుకు ఫోన్ చెయ్యి, నాతోని తర్వాత మాట్లాడొచ్చు అని పెట్టేసిన. వాని ఓటీపీ మాట మాత్రం నన్ను నిద్రపోనియ్యలే.

మన దగ్గర ఆన్‌లైన్ల కార్డు వాడితే ఓటీపీ వస్తది, దుకాణంల గీకితే పిన్ అడుగుతది. రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం అది. అందుకని ఓటీపీ చెప్పకుంటే పైసలు పోవని మనకు మనసుల పడిపోయింది. ఇక్కడ అట్ల కాదు తమ్మీ. ఆన్‌లైన్ల కార్డు మీది నంబరు, గడువు తేదీ, వెనుక మూడంకెలు ఉంటే చాలాచోట్ల పని అయిపోతది. దుకాణంల గీకితే చాలాసార్లు పిన్ లేకుండనే దాటిపోతది, అది డెబిట్ కార్డైనా సరే.

ఆ వారం ఆ పిల్లగాడు కార్డు గీకింది ఒక్కచోటనే, రాత్రిపూట హైవే పక్కన పెట్రోల్ బంకుల. ఇక్కడ చాలాచోట్ల పైపు పట్టేటోడు ఉండడు, మనమే గీకి మనమే పోసుకోవాలె. కార్డు పెట్టే సందు మీదనో, పంపు లోపల్నో దొంగలు చిన్న మిషన్ బిగిస్తరు, స్కిమ్మర్ అంటరు దాన్ని. కార్డు వెనుక నల్లపట్టీల ఉన్నదంతా చదువుకుంటది. దాంతోని ఇంకో కార్డు తయారైతది.

నాకూ మొదటి నెలల ఇట్లనే అయింది. మా నాయిన బత్తాయి కాపు అమ్మి పంపిన పైసలవి. ఖాతా తెరిచి నెల కూడా కాలేదని, విచారణకు 20 పనిదినాల దాక పడుతదని బ్యాంకోళ్లు చెప్పిన్రు. ఇంటికి చెప్పలే, చెప్తే నాయిన మళ్ల అప్పుకు పోతడని. నెల రోజులు అన్నం, మామిడికాయ తొక్కు. రూమ్మేట్లు కిరాయి సర్దిన్రు.

అందుకే దొరికినోళ్లందరికీ చెప్తున్న, డెబిట్ కార్డు బయట గీకకుర్రి. "క్రెడిట్ కార్డంటే అప్పు కదన్నా" అంటరు. ఎన్నిసార్లు చెప్పాలె? క్రెడిట్ కార్డు మీద దొంగతనమైతే పోయేది బ్యాంకు పైసలు, తేలేదాక నీ కిరాయి నీ ఖాతాలనే ఉంటది. చట్టం ప్రకారం నీ మీద పడేది 50 డాలర్లకు మించదు. డెబిట్ అయితే ముందు పోయేది నీ పైసలే. కార్డు పోయిందనో, దొంగల చేతిల పడ్డదనో తెలిసినంక రెండు పనిదినాలల్ల బ్యాంకుకు చెప్తే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 దాక నీ నెత్తిన పడొచ్చు. స్టేట్‌మెంటు వచ్చి 60 రోజులైనా చెప్పకుంటే, ఆ తర్వాత పోయినవి తిరిగి రాకపోవచ్చు.

కొత్తోళ్లకు క్రెడిట్ కార్డు ఇయ్యరు, నిజమే. 200 డాలర్లో ఎంతో డిపాజిట్ పెడితే సెక్యూర్డ్ కార్డు ఇస్తరు, అది తీసుకో. ఎస్ఎస్ఎన్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకున్నా పాస్‌పోర్టు మీద ఇచ్చే బ్యాంకులు కొన్ని ఉన్నయ్. వాడినంత నెలనెలా మొత్తం కట్టెయ్. ఆ కార్డు చేతికొచ్చేదాక బంకుల లోపలికి పోయి, పంపు నంబరు చెప్పి నోట్లు కట్టు. చలికి సోమరితనం చెయ్యకు. ఫోన్‌తోనో కార్డుతోనో తాకిచ్చే మిషన్ ఉంటే తాకియ్యి, గీకకు. రోజు వాడే ఖాతాల వంద రెండొందలకు మించి ఉంచకు, మిగిలింది సేవింగ్స్‌ల పెట్టు. ప్రతి ఖర్చుకూ ఫోన్‌కు మెసేజ్ వచ్చేటట్టు ఇయ్యాల్నే పెట్టుకో, రేపు అనకు.

ఇంకో మాట. "నీ కాలేజీ ఫీజు నేను కడత, నాకు పది శాతం తక్కువ పంపు" అని ఎవడన్నా అంటే, మనూరోడైనా నమ్మకు. దొంగ కార్డుతోని కడతరు. కొన్నాళ్లకు అసలు కార్డోడు ఫిర్యాదు చేస్తే కాలేజీ ఆ పైసలు వాపసు తీసేస్తది, నువ్వు మళ్ల మొత్తం కట్టాలె. పన్ను బాకీ ఉంది, గిఫ్ట్ కార్డులు కొను అని ఫోనొస్తే పెట్టెయ్, ఏ ప్రభుత్వ ఆఫీసూ అట్ల అడగదు. ఎస్ఎస్ఎన్ వచ్చినంక మన అప్పుల లెక్కలు రాసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడు కంపెనీలల్ల ఫ్రీజ్ పెట్టు, అంటే నీ పేరు మీద వేరేటోడు కొత్త అప్పు తీసుకోకుండ తాళం ఏసినట్టు. 2018 నుంచి దానికి పైస ఖర్చు లేదు, కొత్త కార్డో కారుకు అప్పో కావాల్సినప్పుడు ఆ ఫ్రీజ్ తీసెయ్యొచ్చు.

మరీ భయపడి కూసోకుర్రి. ఆ హాలియా పిల్లగాడు అదే రాత్రి బ్యాంకుకు చెప్పిండు కాబట్టి తొమ్మిదో పనిదినం నాడు 900 డాలర్లూ ఖాతాల పడ్డయ్. నాకు కూడా వచ్చినయ్, ఆలస్యంగానే గానీ మొత్తం వచ్చినయ్.