ఎయిర్ పిస్టల్ వెనుక సైట్ వదులైతే: లక్షణం, కారణం, మరమ్మతు

పాలకొల్లు దగ్గర ఒక పాత ధాన్యం గోదాములో మేము పిల్లలకు పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్పుతాం. కిందటి వానాకాలం పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె మూడు వారాల పాటు చాలా నలిగిపోయింది. ఒకరోజు గ్రూపు, అంటే వరసగా కాల్చిన గుళ్ళ గుంపు, ఎడమకు పడేది. గురి చూసే సైట్ సరిచేసుకుంటే మర్నాడు కుడికి పడేది. “మాస్టారూ, నా చెయ్యి వణుకుతోందాండీ?” అని అడిగేది. “ట్రిగ్గర్ గుంజుతున్నావమ్మా, మెల్లగా నొక్కు” అని నేను రోజూ చెప్పేవాణ్ణి. చివరికి ఒక సాయంత్రం పిస్టల్‌ను పెట్టెలో సర్దుతుంటే నా బొటనవేలు వెనుక సైట్‌కు తగిలి, అది వెంట్రుకవాసి పక్కకు జరిగింది. తప్పు ఆమె చేతిలో లేదు, ఒక మరలో ఉంది. ఆ మూడు వారాల్లో ఆమె పోగొట్టుకున్న నమ్మకం తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. ఇంకో పిల్లకు అలా జరగకూడదనే ఇది వివరంగా రాస్తున్నాను.

ముందు పిస్టల్ ఖాళీ చేయండి

ఏ పనిముట్టూ చేతిలోకి తీసుకోకముందే లివర్ తెరిచి, పెల్లెట్ (చిన్న గుండు) పెట్టే చోట కంటితో చూడండి. గొట్టంలో పెల్లెట్ లేదని ఖాయం చేసుకున్నాక రంగు తీగ, అంటే భద్రతా సూచిక, దూర్చి ఉంచండి. గాలి సిలిండర్ ఉన్న పిస్టల్ అయితే సిలిండర్ విప్పి పక్కన పెట్టండి. నిండు సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మరమ్మతు జరుగుతున్నంతసేపూ గొట్టం మూతి గోడవైపే ఉండాలి. పక్కన పిల్లలు ఉంటే ఈ వరస వాళ్ళచేత పైకి చెప్పించండి.

వెంట్రుకవాసి ఎంత పని చేస్తుంది

పోటీ పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనుక సైట్‌కూ మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లు అనుకుందాం. లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంది. వెనుక సైట్ 0.1 మిల్లీమీటరు జరిగితే పెల్లెట్ పడే చోటు 3 మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. అర మిల్లీమీటరు జరిగితే 15 దాటుతుంది. లక్ష్యం నడిమధ్యన ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. ఆపైన ఒక్కో వలయానికి ఒక్కో పక్కన 8 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే సైట్ అర మిల్లీమీటరు జరిగితే పది అంచున పడవలసిన పెల్లెట్ ఎనిమిదిలో పడుతుంది. చూడటానికి సైట్ చెక్కుచెదరనట్టే ఉంటుంది, అదే దీనిలోని మోసం.

లక్షణం: గ్రూపు అడ్డంగా సాగుతోంది, లేదా రోజుకో పక్కకు పోతోంది

వెనుక సైట్‌లో గాడి ఉన్న పలుచని రేకు ఒకటి, దాన్ని మోసే దిమ్మ ఒకటి, ఆ దిమ్మను పిస్టల్‌కు పట్టి ఉంచే మర లేదా పిన్ను ఉంటాయి. అడ్డంగా తేడా వస్తోందంటే ముందుగా ఈ మరనే అనుమానించాలి.

పరీక్ష ఇలా చేయండి. దిమ్మకూ పిస్టల్‌కూ మధ్య ఉన్న అతుకు మీద ఎడమచేతి చూపుడువేలి గోరు సగం అటు, సగం ఇటు ఉండేలా ఆనించండి. కుడిచేతి బొటనవేలితో దిమ్మను పక్కకు మెల్లగా నెట్టండి. కంటికి కనిపించని కదలిక గోటికి తెలుస్తుంది. ఆ అమ్మాయి పిస్టల్ మీద నేను టార్చి వేసి ఎంత చూసినా ఏమీ కనబడలేదు. గోరు పెట్టగానే సన్నగా గీరుకున్నట్టు తెలిసింది. దిమ్మ కదలకుండా రేకు ఒక్కటే కదిలితే లోపం దిమ్మది కాదు, పక్కలకు జరిపే మరది, లేదా దాని స్ప్రింగుది.

మర ఎందుకు వదులవుతుంది? స్ప్రింగు పిస్టల్ అయితే ప్రతిసారీ పిస్టన్ ముందుకు దూకి ఆగే కుదుపు చాలు. గాలి సిలిండర్ పిస్టల్‌లో ఆ కుదుపు తక్కువే. కానీ మా పిల్లలు నరసాపురం, ఆచంట వైపు నుంచి మోటారు సైకిళ్ళ మీద వస్తారు. గతుకుల రోడ్డు మీద వెనక కట్టిన పెట్టెలో పిస్టల్ రోజూ గంటసేపు అదురుతూ ఉంటుంది. మూడో కారణం నూనె. తుప్పు పట్టకూడదని ఇంట్లో వాళ్ళు ప్రేమగా నూనె పూస్తారు, అది పురిలోకి, అంటే మర చుట్టూ ఉండే గాళ్ళలోకి, దిగి మరకు పట్టు లేకుండా చేస్తుంది.

మరమ్మతు: సరిగ్గా సరిపడే అలెన్ కీ లేదా స్క్రూడ్రైవర్‌తో మర పూర్తిగా తీయండి. కీ కొంచెం వదులుగా ఉన్నా వాడవద్దు, మర తల ఒకసారి గుండ్రమైపోతే పని పదింతలవుతుంది. మరనూ అది దిగే రంధ్రాన్నీ స్పిరిట్‌తో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వండి. ఈ ఆరనివ్వడం దగ్గరే చాలామంది తొందరపడతారు. మన గాలిలో తేమ ఎక్కువ, పది నిమిషాలు ఎండలో పెట్టినా తప్పులేదు. తర్వాత నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పుల్లతో ఒక్క చుక్క, అదీ పురి చివర మాత్రమే వేయండి. ఎర్రది వద్దు. అది బిగిస్తే మళ్ళీ విప్పడానికి బాగా వేడి చేయాలి, ఆ వేడికి చుట్టుపక్కల భాగాలు పాడవుతాయి. మర దిగాక ఆనేంతవరకు తిప్పి, ఆపైన రెండు వేళ్ళ బలంతో బిగించండి. మణికట్టు బలం పెట్టకూడదు. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, అంతవరకు కాల్చవద్దు.

ఆఖరున మర తల మీద నుంచి దిమ్మ మీదకు ఎర్ర గోళ్ళరంగుతో సన్నని గీత ఒకటి గీయండి. మర ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలుగా కనబడుతుంది. ఖర్చు లేని కాపలా ఇది.

క్షణాల్లో అతుక్కునే జిగురుతో దిమ్మను అంటించేసి తెచ్చినవాళ్ళున్నారు. అది పెళుసు. నాలుగు రోజులకు పగులుతుంది, పైగా సరిచేసే మరల్లోకి పాకి వాటిని పట్టేస్తుంది. దాని ఆవిరికి గాడి మీద తెల్లని పొర కూడా పడుతుంది.

లక్షణం: గ్రూపు నిలువుగా సాగుతోంది

రేకును వేలితో కిందికి నొక్కి వదలండి. చటుక్కున తన చోటికి రావాలి. బద్ధకంగా లేస్తే కింది స్ప్రింగు తుప్పు పట్టింది, లేదా జిగటపట్టింది. మా ప్రాంతంలో దీనికి ముఖ్య కారణం కొబ్బరినూనె. ప్రతి ఇంట్లో చేతికందే నూనె అదే కాబట్టి పూసేస్తారు. పుష్యమాసం పొద్దున సీసాలో అది గడ్డకట్టడం మనం చూస్తూనే ఉంటాం, సైట్ లోపల కూడా అదే జరుగుతుంది. ఎండ వచ్చాక కరుగుతుంది. అందుకే పెల్లెట్లు పొద్దున ఒక ఎత్తుకు, మధ్యాహ్నం మరో ఎత్తుకు పడతాయి. పాత నూనె కడిగేసి, తుపాకులకు వాడే పలుచని నూనె సూదిమొనతో తాకించండి, చాలు. స్ప్రింగు తుప్పు తింటే కొత్తది వేయండి. సాగదీసి వాడితే వారం కూడా నిలవదు.

స్ప్రింగు బాగానే ఉండి, సైట్ సరిచేసే మరను క్లిక్కు క్లిక్కుగా తిప్పినప్పుడు మాత్రం లెక్క తప్పుతుంటే, అది పురిలోని సందు. ఎప్పుడూ ఒకే దిశలో వచ్చి ఆగండి. వెనక్కి రావలసి వస్తే రెండు మూడు క్లిక్కులు ఎక్కువ పోయి, మళ్ళీ ముందుకు వచ్చి ఆపండి.

సైట్ గట్టిగానే ఉంది, అయినా తేడా

అప్పుడు ముందు సైట్ మరనూ చేతిపిడిని పట్టే మరనూ చూడండి. పిడి వదులైతే లక్షణాలు అచ్చం సైట్ వదులైనట్టే ఉంటాయి. అవీ బాగుంటే ఇసుక సంచి మీద పిస్టల్ ఆనించి అయిదు పెల్లెట్లు కాల్చండి. అక్కడ గ్రూపు దగ్గరగా వస్తే అప్పుడు, అప్పుడు మాత్రమే, చేతి గురించి మాట్లాడాలి.

దిమ్మ రంధ్రంలోని పురే అరిగిపోతే ఇంటి మరమ్మతు లేదు. దిమ్మ మార్చాలి, లేదా లేతు పని తెలిసినవారి చేత కొత్త పురి వేయించాలి.

లైసెన్సు మీద ఉన్న అసలు పిస్టల్ విషయం వేరు. చాలావాటిలో వెనుక సైట్ మర మీద కాక, కింద వెడల్పుగా పైన ఇరుకుగా కోసిన అడ్డగాడిలో బిగుతుగా కూర్చుంటుంది. దాన్ని ఇత్తడి పంచ్‌తో తట్టి జరుపుతారు. గాడి వదులైతే పలుచని రేకు వేయడమో లోహాన్ని కొంచెం అణచడమో చేస్తారు. ఆ పని ఇంట్లో వద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. కాబట్టి ఆ లైసెన్సు ఉన్న దుకాణానికే తీసుకువెళ్ళండి.

మళ్ళీ వదులు కాకుండా

చెరువుల మధ్య ఇళ్ళు, అంతర్వేది వైపైతే ఉప్పుగాలి కూడా. తడి చేత్తో పెట్టె మూయవద్దు. ఇంటికి వెళ్ళాక పెట్టె తెరిచి అరగంట ఫ్యాను కింద ఉంచి, తేమ పీల్చే సంచులు రెండు వేసి మూయండి. నెలకోసారి ఆ సంచులు మార్చండి. బండి మీద తెచ్చేటప్పుడు పెట్టె కింద మడతపెట్టిన దుప్పటి వేయండి.

ఆ అమ్మాయి ఇప్పుడు రేంజిలోకి రాగానే పెట్టె తెరిచి, కిటికీ వెలుగులో పిస్టల్‌ను ఓరగా పట్టుకుని ఎర్ర గీత చూస్తుంది. “గీత కలిసే ఉందండీ” అని నాకు చెప్పి, అప్పుడు మొదటి పెల్లెట్ తీస్తుంది.