చదరంగం నేర్పే వీడియోలను ఎంచుకోవడం ఎలా?

చదరంగం వీడియోలకు ఇప్పుడు కొదవ లేదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు రెండు మూడు చూసేయవచ్చు. అయితే వాటిలో ఎక్కువ భాగం చూస్తున్నంతసేపూ బాగుంటాయి గానీ, ఆ తర్వాత బోర్డు ముందు కూర్చున్నప్పుడు వాటి జాడ కనిపించదు. తప్పు చాలాసార్లు వీడియోది కాదు. మన ఆటలో లోటు ఏమిటో తేల్చుకోకుండా, తెర మీద ఏది ముందు కనిపిస్తే దానిని తెరవడమే అసలు కారణం. కాబట్టి ఎంపికను సొంత ఆటల నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా, ఇటీవల ఓడిన ఓ పది ఆటలను తీయండి. ఆన్‌లైన్‌లో ఆడినవి మీ ఖాతాలోనే ఉంటాయి, ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ పోటీలలో ఆడినవాటికి ఎత్తులు రాసిన స్కోర్ షీట్ ఉంటుంది. ఆదివారం జరిగే, తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్ పోటీలలో ఎత్తులు రాయనక్కర్లేదు కాబట్టి, రౌండ్ ముగియగానే గుర్తున్నంత వరకు రాసి పెట్టుకోవడం మంచిది. ఆటను విశ్లేషించే కంప్యూటర్ ప్రోగ్రాం స్టాక్‌ఫిష్‌కు అప్పగించే ముందు ప్రతి ఆటా ఎక్కడ చేజారిందో మీ మాటల్లోనే ఒక వాక్యం రాయండి: ‘గుర్రాన్ని ఊరికే ఇచ్చేశాను’, ‘కోట కట్టకుండానే దాడికి దిగాను’, ‘చేతిలో సమయం లేక ఓడాను’. ఏ వాక్యం ఎక్కువసార్లు వస్తే దాని మీదే వీడియో వెతకాలి. కొత్తగా ఆడేవారి జాబితాలో సాధారణంగా ఊరికే పోయిన పావులే నిండి ఉంటాయి. అలాంటివారు సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభ పద్ధతి మీద గంటల తరబడి సాగే కోర్సు పెట్టుకుని కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

తరువాత స్థాయి చూసుకోవాలి. ‘1500 రేటింగ్ వారికి’ అని వీడియో మీద రాసి ఉంటే, ఆట బలాన్ని చూపే ఆ అంకె ఎవరు ఇచ్చే రేటింగో ముందు కనుక్కోండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఆడుకునే లీచెస్ సైట్‌లో కొత్త ఖాతాకు మొదటి రోజే 1500 చూపిస్తారు, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే మాత్రం 2024 మార్చి నుంచి తన జాబితాలో కనీస రేటింగును 1400గా నిర్ణయించింది. ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోలవు. అంకె కంటే నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది: వీడియోలో ఐదు నిమిషాలు చూసి ఆపండి. చెప్పినదంతా మీకు ముందే తెలిసినదైతే అది మీకు తక్కువ స్థాయిది. బోధకుడు ఎత్తు వెంట ఎత్తు చూపిస్తున్నా ఒక్కదానికీ కారణం అందకపోతే ఎక్కువ స్థాయిది.

అసలు వడపోత మాత్రం బోధనలోనే ఉంటుంది. ‘నాలుగు ఎత్తుల్లో ఆట కట్టు’ అనే రకం వీడియోలను తీసుకోండి. తెల్ల మంత్రి హెచ్5 గడికీ శకటు సీ4 గడికీ వచ్చి ఎఫ్7 బంటు మీద గురి పెడతాయి. నల్ల పావులతో ఆడేవారు బంటును జీ6కు జరిపి, మంత్రి ఎఫ్3కు తగ్గగానే గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే దాడి అక్కడితో ఆగిపోతుంది, పైగా తెల్ల మంత్రి వృథాగా తిరిగినట్టవుతుంది. ఈ జవాబు చూపించని వీడియో ప్రత్యర్థి పొరపాటు మీద ఆశ పెట్టుకోమని చెబుతోందే తప్ప ఆట నేర్పడం లేదు.

కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ, అంటే ఎండ్‌గేమ్ పాఠాలలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఏనుగూ బంటూ ఉన్న ప్రత్యర్థి మీద ఒక్క ఏనుగుతో డ్రా చేసుకునే ఫిలిడార్ స్థితినే చూడండి. నల్ల రాజు బంటుకు ఎదురుగా చివరి వరుసలో ఉండగా, నల్ల ఏనుగు తెల్లవైపు నుంచి లెక్కిస్తే ఆరో వరుసను పట్టుకుని తెల్ల రాజును ముందుకు రానివ్వదు. బంటు ఆ వరుసకు చేరిన వెంటనే ఏనుగు మొదటి వరుసకు వెళ్లి వెనుక నుంచి చెక్‌లు మొదలుపెడుతుంది. నాసిరకం వీడియో ఇంతటితో ముగుస్తుంది. మంచి బోధకుడు మాత్రం ఏనుగు ముందే వెనక్కి వెళితే ఏమవుతుందో ఆడి చూపిస్తాడు: తెల్ల రాజు బంటు ముందున్న గడిలోకి వచ్చి, బంటు చాటున చెక్‌ల నుంచి తప్పించుకుంటూ ఆట కట్టుతో బెదిరిస్తాడు. బంటే ఆ గడిని ఆక్రమించాక రాజుకు అక్కడ చాటు దొరకదు, అందుకే ఏనుగు అప్పటివరకు ఆగుతుంది. ఈ కారణం అర్థమైనవారు ఎత్తులు మరిచిపోయినా బోర్డు ముందు ఆలోచించి రాబట్టుకోగలరు.

కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు ఆడుతూ మాట్లాడే వీడియోలు సరదాకు బాగుంటాయి, వాటిని చదువు ఖాతాలో వేయకండి. బలమైన ఆటగాడు తక్కువ రేటింగు నుంచి మొదలుపెట్టి, ప్రతి ఎత్తుకూ తన ఆలోచన వినిపిస్తూ పైకి ఎదిగే స్పీడ్‌రన్‌లు మాత్రం వేరు. వాటిలో ఎదురయ్యే తప్పులు మనలాంటివారు చేసేవే.

గొప్ప ఆటల విశ్లేషణలు చూడాలనుకుంటే మన ఆటగాళ్లతోనే మొదలుపెట్టవచ్చు. 2024లో బుడాపెస్ట్ చదరంగ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, గుంటూరు వారైన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. ఆ ఆటలు ఉచితంగానే దొరుకుతాయి. వీడియో తెరవకముందు ఆటను బోర్డు మీద ఒకసారి సొంతంగా ఆడుకుని, అంతుపట్టని ఎత్తులకు గుర్తు పెట్టుకోండి. వ్యాఖ్యాత సరిగ్గా ఆ ఎత్తుల దగ్గరే ఆగి వివరిస్తే ఆయన వీడియోలు మీకు పనికొస్తాయి, వాటిని దాటవేసి పోతే ఇంకొకరిని వెతుక్కోవాలి.

పిల్లల కోసం ఎంచే తల్లిదండ్రులు ఇంకొక్క విషయం చూడాలి. బోధకుడు ప్రశ్న వేసి ‘వీడియో ఆపి ఆలోచించండి’ అంటున్నాడా లేదా అన్నది ముఖ్యం. అన్నప్పుడు పిల్లవాడు నిజంగా ఆపుతున్నాడో లేదో కూడా పక్కన కూర్చుని గమనించాలి.

ఎంచుకున్న వీడియోల మీద రెండు వారాలు నిలబడండి. ఒక్కొక్కటి చూశాక అదే అంశం మీద పజిల్స్ చేయాలి. లీచెస్‌లో అవి అంశాలవారీగా, ఉచితంగా ఉన్నాయి. ఆ తర్వాత ఓడిన ఆటలకు మళ్లీ అలాంటి వాక్యాలే రాసి పాత జాబితాతో పోల్చండి. పాత వాక్యమే అన్నిసార్లు వస్తుంటే బోధకుడిని మార్చండి. డబ్బు కట్టే కోర్సుల సంగతి ఇది తేలాకే ఆలోచించవచ్చు, అప్పుడు కూడా నమూనా పాఠం చూపించనివారికి కట్టకండి.